అడగకూడని మాట

మా వాడలో పడవెక్కబోయే మనిషిని ఎప్పుడొస్తావని అడగరు. చిన్నపిల్లలు తెలియక అడిగితే నోటి మీద చెయ్యేస్తారు. ఎందుకని నన్నడిగితే చెప్పలేను. మా నాన్న అడగనిచ్చేవాడు కాదు, ఆయన నాన్న కూడా అంతే. తిరిగొచ్చే వేళ పైకి అడిగితే గంగమ్మ తల్లికి వినబడుతుందట, వినబడితే ఆ మనిషిని తనే ఉంచేసుకుంటుందట. ఇది మా అమ్మ పోతమ్మ చెప్పే మాట. మా వాళ్లలో ఇంజినీరింగు చదివిన కుర్రాళ్లు కూడా తండ్రి పడవ దగ్గరికి వెళ్లేటప్పుడు ఫోనులోకి చూస్తూ నోరు మూసుకుంటారు.

మా వదిన చిట్టమ్మ అడిగింది. ఆ సంగతే రాస్తున్నాను.

నా పేరు నాగబాబు. మా అన్న గవర్రాజు భార్య చిట్టమ్మ. నా ఇల్లు వాళ్ల ఇంటి పక్కనే. నాకు మనుషుల మీద నమ్మకం తక్కువ. ఐసు తూచేవాడు కాటా నొక్కుతాడని, వేలంపాట పాడేవాడు తన వాళ్లకి కన్ను కొడతాడని, పలకరించి నవ్వినవాడికి నాతో ఏదో పనుందని అనుకుంటాను. ఇలాంటివాడు రాసింది ఎంతవరకు నమ్మాలో మీ ఇష్టం.

వదినది భీమిలి అవతల చిన్న ఊరు. పెళ్లై వచ్చిన వారానికే హార్బరులో వేలంపాటకి దిగింది. ఆవిడ ప్రశ్న అడగకుండా ఊపిరి తీసుకునేది కాదు. ఈ చేప ఏ పడవది, ఎప్పుడు పట్టారు, ఐసు ఎప్పుడేశారు, మొప్ప ఎత్తి చూపించు, నీ మొహం అలా ఉందేం, ఇంట్లో గొడవా? అవతలివాడు విసిగిపోయి ధర తగ్గించేవాడు. గంప నెత్తికెత్తుకుని మల్కాపురం వెళ్లి, పోర్టులోను, రిఫైనరీలోను పనిచేసేవాళ్ల ఇళ్ల ముందు దింపేది. ఏ ఇంట్లో ఏం తింటారో ఆవిడకి తెలుసు. గోదావరి జిల్లాల నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు సముద్రం చేపని చూసి ముక్కు చిట్లిస్తారు, అయినా కొంటారు, వాళ్లకి ముల్లు తక్కువది ఇవ్వాలి అనేది. ఆ ఇళ్లలో పెళ్లిళ్లు, జబ్బులు, అలకలు అన్నీ అడిగి తెలుసుకుని, సాయంత్రం మాకు వడ్డించేది.

కిందటేడు అక్టోబరులో ఒక తెల్లవారుజామున అన్న వల భుజాన వేసుకుని గుమ్మం దాటుతున్నాడు. వాళ్ల కూతురు ధనశ్రీ బడిలో మర్నాడు తల్లిదండ్రుల మీటింగు. వదిన పొయ్యి దగ్గర నుంచే కేకేసింది.

“రేపు పిల్ల బళ్లో మీటింగంట. తండ్రే రావాలంట. ఎప్పుడొస్తావేటి?”

నోట్లోంచి మాట పడ్డాక గాని ఆవిడకి తెలియలేదు. మా అమ్మ మంచం మీంచి లేచి కూర్చుంది. “ఓలమ్మ ఓలమ్మ! ఏటడిగేసినావే!” అని గుండె బాదుకుంది. అన్న నవ్వాడు. “ఒస్తానులేయే” అని వెళ్లిపోయాడు.

రాలేదు. మధ్యాహ్నానికి ఈదురుగాలి లేచింది. పడవలో ముగ్గురున్నారు. వెనక నుంచి నీళ్లు ఎక్కేసి పడవ బోల్తా పడిందని, డీజిలు డబ్బాలు పట్టుకుని తేలామని మిగతా ఇద్దరూ చెప్పారు. వాళ్లని వేరే పడవవాళ్లు ఎత్తుకొచ్చారు. మా అన్న దొరకలేదు. పదకొండు రోజులు చూసి, గడ్డితో బొమ్మ చేసి కర్మ జరిపించాం.

పడవ ఎందుకు మునిగిందని మా వాడలో ఎవరూ అడగలేదు. అందరికీ కారణం ముందే తెలుసు. మా అమ్మ ఆ ఉదయం జరిగింది వీధి వీధికీ చెప్పుకుని ఏడ్చింది. నీళ్ల కుళాయి దగ్గర ఆడవాళ్లు వదిన వస్తే పక్కకి జరిగేవారు. అన్నిటికంటే ఘోరం, వదిన కూడా అదే నమ్మింది.

ఆ రోజు నుంచి ఆవిడ ప్రశ్న అడగడం మానేసింది. నేను గమనించడానికి నెల పట్టింది. పిల్లని ‘తిను’ అనేది తప్ప ‘తిన్నావా’ అనేది కాదు. ఎవరైనా ఇంటికి వస్తే పీట వేసి ఊరుకునేది. వేలంపాటకి వెళ్లడం మానేసింది, అడగకుండా అక్కడ చేప కొనడం ఎవరివల్లా కాదు మరి. పెరట్లో మా అమ్మతో కలిసి చేపలు ఎండబెడుతూ, కాకుల్ని తోలుతూ కూర్చునేది. ముప్పై నాలుగేళ్ల మనిషి, గొంతు ఉండీ లేనట్టు అయిపోయింది. ఆవిడ ఎదురుపడితే నేను పక్క సందులోకి తిరిగిపోయేవాణ్ణి. జాలి వల్ల అనుకునేరు. కాదు.

పడవ ఎందుకు మునిగిందో నాకు తెలుసు.

మాది ఫైబరు పడవ. నాలుగు రోజుల ముందు వెనక వైపు, మోటారు బిగించే పలక దగ్గర పగులు కనబడింది. అతుకు వేసింది నేను. ముందు మంచినీళ్లతో ఉప్పంతా కడగాలి, ఆరబెట్టాలి, అప్పుడు ఫైబరు గుడ్డ పరిచి జిగురు పూయాలి, మళ్లీ రెండు రోజులు ఎండ తగలాలి. కానాగంత చేపలు తెగ పడుతున్నాయని అన్ని పడవలూ వెళ్తున్నాయి. అన్న తొందరపెడుతున్నాడు. నేను ఉప్పు కడగలేదు, తడి గుడ్డతో తుడిచి పూసేశాను. రెండు రోజులూ మబ్బే. ఆరిందా అని అన్న అడిగితే ఆరిందన్నాను. వెళ్లే రోజు చీకటి ఉండగానే పోయి వేలితో నొక్కితే అతుకు మెత్తగా దిగింది. చెబితే పదిమందిలో తిడతాడు. ఏమీ కాదులే అనుకున్నాను. అయినా పడవ ఎక్కడానికి కాళ్లు రాలేదు. జ్వరమని చెప్పి దుప్పటి కప్పుకున్నాను. నా బదులు ఇంకొకణ్ణి తీసుకుని అన్న వెళ్లాడు.

ఆ అతుకు వల్లే మునిగిందని ఖాయంగా చెప్పగలవా అంటారు. చెప్పలేను. అల పెద్దదే. కానీ నీళ్లు వెనక నుంచి వచ్చాయి. నేను తొమ్మిది నెలలు ఈ రెండు మాటల మధ్యా తిరిగాను. నోరు తెరిస్తే వదిన మీద నింద పోతుంది. తెరవలేదు. నింద మోయడానికి ఒక మనిషి దొరికింది కదా, మోయనీ అనుకున్నాను. ఇంత నీచంగా అనుకున్నానని రాయడానికి సిగ్గేస్తోంది, కానీ అదే నిజం.

జులైలో ఒక మధ్యాహ్నం పూర్ణా మార్కెట్ దగ్గర వల తాడు కొంటుంటే వదిన కనబడింది. చేతిలో గంప లేదు, సంచీ లేదు. మల్కాపురం బస్సెక్కింది. చేపలు అమ్మని మనిషికి మల్కాపురంలో ఏం పని? నాలుగు రోజుల తర్వాత మళ్లీ అదే వేళకి కాపు కాశాను. మళ్లీ ఎక్కింది. నేను వెనక బస్సులో వెళ్లాను. దిగి వెతికితే ఒక ఇంటి గుమ్మం ముందు ఆవిడ చెప్పులు కనబడ్డాయి.

అక్కడ ఆటో తోలే గోపి నాకు చుట్టం. వాణ్ణి పట్టుకున్నాను.

“ఆ ఇల్లు ఆస్పత్రిలో చేసిన నర్సమ్మది బావా. సుధారాణిగారని, రిటైరైపోనాది. మొగుడు కరోనాలో పోనాడు. బైబిలు సదువుతాది. మీ వదిన వారానికి రెండుసార్లు ఒస్తన్నాది, నాను సూత్తన్నాను కదేటి.”

“ఎందుకొస్తన్నాదిరా?”

“నాకేటి తెలుసు బావా? నాను ఆటో తోలుతన్నాను, జోస్యం సెప్పట్లేదు.”

నాకు అంతా అర్థమైపోయిందనుకున్నాను. మొగుడు పోయిన ఆడదాన్ని కూర్చోబెట్టి, మా దేవుణ్ణి నమ్మితే నీ మొగుడు నడిచి వస్తాడని చెబుతున్నారన్నమాట. ఇవాళ ప్రార్థన, రేపు బాప్తిస్మం, ఎల్లుండి పిల్ల పేరు మార్పు. లోపల్లోపల ఇంకో భయం కూడా ఉంది. అలాంటి చోట మనుషులు తమ గుట్లన్నీ చెప్పుకుంటారని విన్నాను. చెప్పుకుంటూ చెప్పుకుంటూ వదిన ఆ రోజు సంగతులు తవ్వితే? నర్సులు మామూలువాళ్లు కాదు, జ్వరం నిజమో కాదో వాళ్లకి తెలుస్తుంది.

మూడోసారి ఆ ఇంటి కిటికీ పక్కన, మందార చెట్టు చాటున నిలబడ్డాను. ఎండ మాడ్చేస్తోంది. లోపల ఒక పెద్దావిడ గొంతు నెమ్మదిగా చదువుతోంది. తియ్యటి కబుర్లు ఎక్కడ మొదలవుతాయా అని చెవులు రిక్కించాను.

నేను విన్నది మునిగిపోతున్న మనిషి మాటలు. ఎవడో ఒకడు దేవుణ్ణి నిలదీస్తున్నాడు. నీ అలలన్నీ నా నెత్తిన తోశావు అంటాడు. నన్ను అడుగున, చీకట్లో పడేశావు, నావాళ్లని నా దగ్గరికి రాకుండా చేశావు అంటాడు. చచ్చినవాళ్లు లేచి నిన్ను పొగుడుతారా అని అడుగుతాడు. ఎందుకు మొహం దాచుకుంటున్నావని అడుగుతాడు. అడుగుతూనే ఉన్నాడు. ఇప్పుడు దేవుడు వస్తాడు, చెయ్యి ఇస్తాడు, ఒడ్డున పడేస్తాడు అని నేను చూస్తున్నాను. ఇక తనకి మిగిలిన నేస్తం చీకటే అన్నట్టు ఏదో అన్నాడు. చదువు ఆగిపోయింది. పుస్తకం మూసిన చప్పుడైంది.

నాకు ఒళ్లు మండిపోయింది. ఇంత దూరం వచ్చి, ఎండలో నిలబడి విన్నది ఇదా?

“ఎవరు బాబూ, చెట్టు దగ్గర? ఎండదెబ్బ తగులుతుంది, లోపలికి రండి,” అంది పెద్దావిడ.

దొరికిపోయాను. ఇక దొంగలా ఉండటం దేనికని లోపలికెళ్లి ఒంటికాలి మీద లేచాను. “ఏటమ్మా, మా వదినకి ఏటి నూరిపోత్తన్నారు? మీ పుస్తకంలో మంచి మాటే లేదేటి? ఏడుపుగొట్టు మాటలు ఏరి ఏరి సదువుతన్నారు?”

సుధారాణిగారు కోప్పడలేదు. మంచినీళ్ల గ్లాసు నా ముందు పెట్టింది. నేను ముట్టుకోలేదు.

“మంచి మాటలు చాలా ఉన్నాయి బాబూ. మా ఆయన ఒక వార్డులో పోతుంటే నేను పక్క వార్డులో డ్యూటీలో ఉన్నాను. తర్వాత మా వాళ్లొచ్చి ఆ మంచి మాటలన్నీ చదివారు. ఒక్కటీ లోపలికి దిగలేదు. చర్చిలో ఈ కీర్తన ఎవరూ పెద్దగా చదవరు. చివర్న వెలుగు లేదు కదా. నేనూ వెతికాను, లేదు. కానీ ఒకటి చూడండి. ఇంత కోపంలోనూ ఈ కీర్తన పాడినవాడు లేచి వెళ్లిపోలేదు. పొద్దున్నే మళ్లీ ఆ దేవుణ్ణే పిలుస్తున్నాడు. నాకు అంతవరకే చేతనైంది. అది కూడా ప్రార్థనేనని ఈ పేజీ చెప్పింది. దాన్ని పట్టుకునే లేచి నిలబడ్డాను.”

“మా వదినకి ఏటి సెప్పినారు?”

“ఏమీ చెప్పలేదు. చేపలు అమ్మే రోజుల్లో మా ఇంటి పళ్లెం ఒకటి తన దగ్గరుండిపోయిందని ఇవ్వడానికొచ్చింది. నేను చదువుకుంటున్నాను. గుమ్మంలో కూర్చుండిపోయింది. మళ్లీ ఒకసారి చదవమంది. అప్పటినుంచి ఇదొక్కటే చదివించుకుంటోంది.”

వదిన నా వైపు చూసింది. తొమ్మిది నెలలుగా నేలకి అతుక్కుపోయిన చూపు అది, ఇప్పుడు నా మొహం మీద ఉంది. “అడగొచ్చంట నాగబాబూ,” అంది. అంతే. లేచి బస్సుకి వెళ్లిపోయింది.

అడగడం మొదలుపెడితే ఆవిడ నా దాకా వస్తుందని తెలిసింది. మతం గురించి నాకు అప్పుడు ఏ బెంగా లేదు, కానీ ఆవిడ నోరు మూయించడానికి అదే పనికొస్తుంది. ఆ సాయంత్రమే మా కులపెద్ద శ్రీరామ్మూర్తి దగ్గరికి వెళ్లి, వదిన క్రైస్తవుల్లో కలిసిపోతోందని ఉప్పందించాను. మా అమ్మకి ఇంకో నాలుగు కలిపి చెప్పాను.

ఆదివారం పొద్దున గంగమ్మ గుడి ముందు అరుగు మీద పెద్దలు కూర్చున్నారు. వాడంతా వచ్చింది. వదినని నిలబెట్టారు.

“సిట్టమ్మా, మతం మారిపోనావంతన్నారు. నిజవేనేటి?” అన్నాడు శ్రీరామ్మూర్తి.

“మారనేదు పెద్దయ్యా. మొన్న శుక్రవారం ఈ గుడికాడే దీపం ఎట్టినాను.”

“మరి ఆ పుస్తకం ఇనడానికెందుకెల్తన్నావ్?”

వదిన కొంగు నడుముకి దోపుకుంది. “అందులో ఒక మనిసున్నాడు. నాలాగే అలల కింద పడిపోనాడు. ఆడు దేముణ్ణి అడుగుతన్నాడు. ఒకటి కాదు, బోలెడు అడిగినాడు. దేముడు బదులు సెప్పనేదు గానీ, అడిగినందుకు ఆడి నోరు నొక్కనేదు. ఆ మాటలు కొట్టెయ్యకుండా దేముడి పుస్తకంలోనే దాసినారు. అడగడం పాపమైతే దాత్తారేటి? ఆడికి అడిగే దారుంటే నాకూ ఉంటాది. అది తెలిసినకాడి నుంచి నాకు అన్నం దిగతన్నాది. బతకాలనుంది పెద్దయ్యా.”

“అడిగే గదా నా కొడుకుని మింగేసినావు! సాలదేటి?” మా అమ్మ అరిచింది.

జనంలో గుసగుసలు. నేను స్తంభం వెనక ఉన్నాను. ఇక ఈవిడ ఏడ్చి ఇంటికి పోతుంది, మళ్లీ అటు వెళ్లదు, అయిపోతుంది అనుకుంటున్నాను. వదిన ఏడవలేదు. మనుషుల మధ్య వెతికి కళ్లతో నన్ను పట్టుకుంది.

“నాను ఒకటి అడుగుతాను. దేముణ్ణి కాదు, నాగబాబుని.” గంగమ్మ గుడి ముందు, వాడంతా చూస్తుండగా అడిగింది. “ఆ పొద్దు నువ్వు పడవెందుకెక్కనేదు?”

“జొరం వదినా. అందరికీ తెలుసు కదేటి.”

“గంజి అట్టుకొచ్చి నీ నుదురు ముట్టుకున్నాను. సల్లగున్నాది. నా మీదే నాకు అనుమానం గనక నీ మీద అనుమానం రానిచ్చుకోనేదు. ఇప్పుడు అడుగుతన్నాను. ఎందుకెక్కనేదు?”

అబద్ధాలు నా దగ్గర ఎప్పుడూ నాలుగైదు సిద్ధంగా ఉంటాయి. ఆ రోజూ ఉన్నాయి. కడుపునొప్పి అనొచ్చు, అన్నతో మాటామాటా వచ్చిందనొచ్చు. ఆవిడ అడిగిన తీరులో తిట్టు లేదు. జనంలో నా పరువు తియ్యాలనీ లేదు. తెలుసుకోవాలని అడిగింది, అంతే. నా మొహంలోకి అంత సూటిగా చూసి నన్నొక మాట అడిగినవాళ్లు తొమ్మిది నెలల్లో ఎవరూ లేరు. నాకు ఏడుపొచ్చేసింది.

“అతుకు ఆరనేదు వదినా. నాను సరిగా ఎయ్యనేదు. ఉప్పు కడగనేదు. ఆ పొద్దు నొక్కి సూసినాను, మెత్తగున్నాది. బయమేసి ఎక్కనేదు. నువ్వు అడిగినందుకు కాదు. నా వల్ల.”

శ్రీరామ్మూర్తి కండువాతో నోరు మూసుకున్నాడు. వదిన ఒక అడుగు ముందుకి వేసింది.

“మీ అన్నకి తెలుసా?”

తెలుసని ఒక్క మాట అంటే చాలు, తెలిసే మొండిగా వెళ్లాడంటారు, సగం తప్పు అన్న మీదికి పోతుంది. చచ్చిపోయినవాడు కాదనలేడు. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఎదురుగా ఆవిడ ఉంది, తొమ్మిది నెలలు నా తప్పు మోసి, ఇంకా నన్ను నమ్మి అడుగుతోంది.

“తెలీదు. ఆరిందేటని అడిగినాడు. ఆరిందన్నాను.”

మా అమ్మ అక్కడే నేల మీద కూలబడింది. నా వైపు చూడలేదు. వదిన చీర కుచ్చిళ్లు పట్టుకుని, “నిన్నన్నాను కదే… నిన్నన్నాను కదే” అని మాత్రం అంటూ ఉంది. వదిన వంగి ఆవిడ తల నిమిరింది. అప్పుడు ఏడ్చింది వదిన, అన్న పోయాక మొదటిసారి, పెద్దగా, గొంతెత్తి.

ఎవరో నా చొక్కా పట్టుకున్నారు. ఎవరో కొట్టబోయారు. కొడితే బాగుండనిపించింది. వదిన తల ఎత్తి, కళ్లు తుడుచుకోకుండానే, “ఆణ్ణి ఒగ్గీయండి” అంది. తర్వాత నాతో అంది.

“నిన్ను క్షమించినానని అనుకోకు. నాకు కడుపు మండిపోతన్నాది. కానీ నాకింకా సానా అడగాలి. నువ్వు కాకపోతే సెప్పేవాడు ఎవుడూ లేడు. రేపు పొద్దున్న ఇంటికి రా.”

ఊరు విడిచి పారిపోదామనుకున్న మాట నిజం. మర్నాడు పొద్దున్నే వెళ్లాను. అరుగు మీద ఎదురెదురుగా కూర్చున్నాం. ఆవిడ కోపంగానే అడిగింది, నేను చెప్పాను. రేపు కూడా రమ్మంది.